డై ఒకటే, బైండర్ మారితే పెయింటే మారిపోతుంది: పీఎస్‌పీకి సరైన పాలిమర్‌ను ఎంచుకునే పద్ధతి

ప్రెషర్ సెన్సిటివ్ పెయింట్, అంటే మోడల్ మీద పూసి, వెలుగు మార్పును బట్టి గాలి పీడనాన్ని కొలిచే పీఎస్‌పీ, గురించి మాట రాగానే అందరూ ముందు అడిగేది "ఏ డై వాడుతున్నారు?" అనే. ఆ ప్రశ్న తప్పు కాదు, కానీ దానితో సగం సంగతే తెలుస్తుంది. ప్లాటినం పోర్ఫిరిన్ డైని పాలీస్టైరీన్‌లో కలిపితే, పీడనం మారిన ఒకటి రెండు సెకన్లకు గాని స్పందించని పూత వస్తుంది. అదే డైని పల్చటి సిలికోన్‌లో పెడితే స్పందన మిల్లీసెకన్లకు దిగుతుంది. టైటానియం డయాక్సైడ్ పొడికి కాస్త పాలిమర్ చేర్చి, ఆ రంధ్రాల పూత మీద అదే డైని చల్లితే వేల హెర్ట్జ్‌ల కదలికలు కూడా కనిపిస్తాయి. మూడింటిలోనూ డై ఒక్కటే. తేడా అంతా దాన్ని పట్టి ఉంచిన బైండర్‌దే.

విండ్ టన్నెల్ (మోడల్ మీదుగా గాలిని వీచి చూసే సొరంగం) పరీక్ష కోసం పీఎస్‌పీని తయారు చేసుకునేవాళ్ల కోసం, తయారైనదాన్ని కొని వాడినా ఎందుకలా ప్రవర్తిస్తోందో తెలుసుకోవాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. బైండర్‌ను చివర్లో కాకుండా మొదట్లోనే ఎంచుకోవాలనేది నా గట్టి అభిప్రాయం.

పూత లోపల జరిగేది

డై అణువు మీద నీలి లేదా అతినీలలోహిత కాంతి పడితే అది ఉత్తేజిత స్థితికి వెళ్తుంది. అక్కడి నుంచి కిందికి రావడానికి దానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి: ఎర్రటి వెలుగును విడుదల చేయడం, లేదా దగ్గరికొచ్చిన ఆక్సిజన్ అణువుకు తన శక్తిని ఇచ్చేసి వెలుగు లేకుండానే చల్లబడడం. ఈ రెండో దారే ఆక్సిజన్ క్వెంచింగ్. జర్మన్ రసాయనవేత్త హాన్స్ కౌట్స్కీ 1930లలోనే దీన్ని గుర్తించాడు. గాలి ప్రవాహాన్ని చూడడానికి ఇది పనికొస్తుందని 1980లో పీటర్సన్, ఫిట్జెరాల్డ్ చూపించారు. 1980ల చివరికి అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం, నాసా ఏమ్స్ కేంద్రం కలిసి, రష్యాలో త్సాగీ అనే విమాన పరిశోధన సంస్థ విడిగా, దీన్ని పీడనం కొలిచే పద్ధతిగా మలిచాయి.

గాలిలో 21 శాతం ఆక్సిజన్ ఉంటుంది. మోడల్ ఉపరితలం మీద పీడనం పెరిగితే అక్కడ ఆక్సిజన్ పీడనం కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. అయితే డై గాలిలో లేదు, పాలిమర్ లోపల ఉంది. కాబట్టి ఆక్సిజన్ ముందు పాలిమర్‌లో కరగాలి, తర్వాత దానిలో ప్రయాణించాలి, చివరికి డైని ఢీకొట్టాలి. ఎంత కరుగుతుందనేది ద్రావణీయత. ఎంత వేగంగా కదులుతుందనేది వ్యాపన గుణకం. ఈ రెండింటి లబ్ధమే పారగమ్యత. ఆక్సిజన్ లేనప్పుడు డై ఎంతసేపు ఉత్తేజితంగా ఉండగలదనేది దాని జీవితకాలం.

పెయింట్ సున్నితత్వం, అంటే స్టెర్న్-వోల్మర్ స్థిరాంకం, ప్రధానంగా పారగమ్యత × జీవితకాలం మీద ఆధారపడుతుంది. వేగం మాత్రం వ్యాపన గుణకం, పూత మందం, ఈ రెండింటి మీదే ఆధారపడుతుంది. ద్రావణీయతకు అక్కడ పాత్ర లేదు. అందుకే ఒకే పారగమ్యత ఉన్న రెండు పాలిమర్లు ఒకే సున్నితత్వం ఇచ్చి కూడా వేగంలో చాలా తేడాగా ఉండొచ్చు. డేటాషీట్‌లో పారగమ్యత ఒక్కటే చూసి పాలిమర్ కొనకండి.

మొదటి అడుగు: పరీక్షను నాలుగు అంకెల్లో రాయండి

పాలిమర్ పేర్లు వెతకకముందే ఒక కాగితం మీద ఈ నాలుగూ రాసుకోండి: ఉపరితలం మీద సగటు పీడనం, కనిపించాల్సిన అతి చిన్న పీడన మార్పు, పరీక్ష సమయంలో మోడల్ ఉష్ణోగ్రత ఎన్ని డిగ్రీలు మారుతుంది, చూడాల్సిన అత్యధిక పౌనఃపున్యం.

ఒక ఉదాహరణ. వాతావరణ పీడనంలో, సెకనుకు 50 మీటర్ల గాలి వేగంతో పరీక్ష అనుకుందాం. డైనమిక్ పీడనం, అంటే గాలి వేగం వల్ల వచ్చే పీడనం, సుమారు 1.5 కిలోపాస్కల్. మంచి పెయింట్ సున్నితత్వం కిలోపాస్కల్‌కు 0.8 శాతం అనుకుంటే, మీకు కావాల్సిన మొత్తం సిగ్నల్ 1.2 శాతం దగ్గరే ఉంటుంది. ఉష్ణోగ్రత వల్ల డిగ్రీకి 0.6 శాతం వెలుగు మారే పెయింట్ అయితే, మోడల్ 2 డిగ్రీలు వేడెక్కినా చాలు, ఆ సిగ్నల్ అంతా మునిగిపోతుంది. ఈ పరీక్షలో అసలు సమస్య సున్నితత్వం కాదు, ఉష్ణోగ్రత. అదే ధ్వని వేగానికి దగ్గరగా చేసే పరీక్షలో పీడన మార్పులు పదుల కిలోపాస్కల్‌లలో ఉంటాయి, కాబట్టి అక్కడ డిగ్రీ అటూ ఇటూ అయినా పెద్ద టెన్షన్ ఉండదు. పరీక్ష మారితే బైండర్‌ను ఎంచుకునే కొలమానమే మారిపోతుంది.

రెండో అడుగు: పారగమ్యత ఎంత ఉండాలి

పారగమ్యతను బ్యారర్ అనే ప్రమాణంలో చెబుతారు. ఆక్సిజన్‌కు పాలీమిథైల్ మెథాక్రిలేట్ విలువ 1 బ్యారర్‌కు చాలా తక్కువ. పాలీస్టైరీన్‌ది రెండు మూడు బ్యారర్లు. సిలికోన్ రబ్బరుది 600 నుంచి 800 దాకా. క్యోటో విశ్వవిద్యాలయంలో మసూదా బృందం 1983లో వెల్లడించిన పాలీట్రైమిథైల్‌సిలైల్‌ప్రొపైన్‌ది వేలల్లో ఉంటుంది. అంటే పాలిమర్ మార్చడం ఒక్కటే సున్నితత్వాన్ని వేల రెట్లు మార్చగలదు.

పారగమ్యత ఎంత ఎక్కువైతే అంత మంచిదా? కాదు. పారగమ్యత పెరిగితే పీడనానికి సున్నితత్వం పెరుగుతుంది, కానీ ఆక్సిజన్ మరీ ఎక్కువ వెలుగును మింగేస్తుంది కాబట్టి పెయింట్ మసకబారుతుంది. ఎక్కడ ఆగాలో చిన్న లెక్కతో తేలుతుంది.

ఆక్సిజన్ లేనప్పటి వెలుగును, పీడనం ఉన్నప్పటి వెలుగుతో భాగిస్తే 1 + క్వెంచింగ్ సంఖ్య వస్తుంది. క్వెంచింగ్ సంఖ్య అంటే స్టెర్న్-వోల్మర్ స్థిరాంకం × పీడనం. కెమెరాకు చేరే వెలుగు పరిమితంగా ఉండి, నాయిస్ ఫోటాన్ల లెక్క నుంచే వస్తోందనుకుంటే, సిగ్నల్-నాయిస్ నిష్పత్తి క్వెంచింగ్ సంఖ్య 2 దగ్గర గరిష్ఠమవుతుంది. అంటే పరీక్ష పీడనం దగ్గర పెయింట్ తన పూర్తి వెలుగులో మూడో వంతు ఇస్తూ ఉండాలి. ఆ శిఖరం చాలా చదునుగా ఉంటుంది: క్వెంచింగ్ సంఖ్య 1 అయినా 4 అయినా నష్టం పది శాతం లోపే. 0.5కి పడిపోయినా 10కి ఎగబాకినా మాత్రం దాదాపు 30 శాతం పోతుంది.

ఇది వెలుగు కరువున్న పరీక్షలకు, అంటే హైస్పీడ్ కెమెరాతో చేసే వేగవంతమైన కొలతలకు వర్తించే నియమం. నిలకడ ప్రవాహంలో ఎక్స్‌పోజర్ పెంచి కెమెరా పిక్సెళ్లను ఎలాగూ నింపగలరు. అప్పుడు మసక వెలుగు సమస్య కాదు, సున్నితత్వం ఎక్కువుండడమే లాభం. అయితే క్వెంచింగ్ సంఖ్య నాలుగైదు దాటాక అక్కడా లాభం బాగా తగ్గిపోతుంది.

సగటు పీడనం దీన్ని పూర్తిగా తిప్పేస్తుంది. 100 కిలోపాస్కల్ దగ్గర క్వెంచింగ్ సంఖ్య 4 ఇచ్చే పెయింట్, 1 కిలోపాస్కల్ దగ్గర 0.04 మాత్రమే ఇస్తుంది, దాదాపు గుడ్డిదే. హైపర్‌సోనిక్ (ధ్వని కంటే ఎన్నో రెట్ల వేగం) పరీక్షలకు, బాగా పల్చబడిన గాలిలో చేసే పరీక్షలకు పారగమ్యత బాగా ఎక్కువున్న పాలిమర్‌ను, జీవితకాలం మిల్లీసెకను స్థాయిలో ఉండే పల్లాడియం పోర్ఫిరిన్ డైతో జత చేస్తారు. పీడనం ఎక్కువున్న పరీక్షల్లో వ్యవహారం తిరగబడుతుంది. అక్కడ పారగమ్యత తక్కువున్న పాలిమర్, లేదా సుమారు 5 మైక్రోసెకన్ల జీవితకాలం ఉన్న రుథీనియం డై మెరుగు.

మూడో అడుగు: మందం, వేగం

పైనుంచి మాత్రమే ఆక్సిజన్ వచ్చే పూతకు స్పందన కాలం సుమారుగా ఇది: మందం వర్గాన్ని వ్యాపన గుణకంతో భాగించి, 0.4తో గుణించాలి. 10 మైక్రోమీటర్ల పూతకు లెక్కేస్తే సిలికోన్‌లో 10 మిల్లీసెకన్ల పైచిలుకు వస్తుంది. పాలీస్టైరీన్‌లో ఒకటి రెండు సెకన్లు. పాలీమిథైల్ మెథాక్రిలేట్‌లో పదుల సెకన్లు.

మందం వర్గంలో ఉంది కాబట్టి సిలికోన్ పూతను 10 నుంచి 2 మైక్రోమీటర్లకు తగ్గిస్తే స్పందన 25 రెట్లు వేగమై అర మిల్లీసెకనుకు దిగుతుంది. వెలుగు మాత్రం ఇంచుమించు 5 రెట్లే తగ్గుతుంది. వేగం కావాలంటే ముందు పూతను పల్చన చేయండి. పాలిమర్ మార్చడం ఆ తర్వాతి సంగతి.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది: కింద వేసే తెల్లటి బేస్‌కోట్. వెలుగును వెనక్కి తిప్పికొట్టడానికి, లోహానికి పూత పట్టుకోవడానికి దాన్ని వేస్తారు. ఆ పొరలోకి కూడా ఆక్సిజన్ మెల్లగా ఇంకుతుంది. పై పూతలోని ద్రావణి బేస్‌కోట్‌ను కాస్త కరిగిస్తే డై కూడా దానిలోకి దిగిపోతుంది. అప్పుడు పీడనం మారగానే సిగ్నల్ చకచకా కదిలి, ఆ తర్వాత నిమిషాల తరబడి నెమ్మదిగా జారుతూనే ఉంటుంది. స్పందనకు అలాంటి పొడవాటి తోక కనిపిస్తే పై బైండర్‌ను అనుమానించే ముందు బేస్‌కోట్‌ను చూడండి. పై పూత ద్రావణిలో కరగని, బాగా క్రాస్‌లింక్ అయిన (గొలుసులు ఒకదానితో ఒకటి ముడిపడిన) ఎపాక్సీ లాంటి బేస్ వాడితే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది.

నాలుగో అడుగు: ఉష్ణోగ్రత

పీఎస్‌పీ కొలతల్లో ఎక్కువ తప్పులు వచ్చేది ఉష్ణోగ్రత దగ్గరే. వేడి పెరిగితే రెండు జరుగుతాయి. డైలో వెలుగు లేకుండా చల్లబడే ప్రక్రియలు పుంజుకుని దాని జీవితకాలం తగ్గుతుంది. ఇది డై స్వభావం. రెండోది, పాలిమర్ గొలుసుల కదలిక పెరిగి ఆక్సిజన్ వ్యాపనం వేగమవుతుంది. ఇది బైండర్ స్వభావం. చాలా పెయింట్లలో ఈ రెండోదే పెద్ద వాటా, బైండర్ ఎంపికతో మీరు తగ్గించగలిగేదీ దాన్నే.

వ్యాపనానికి కావాల్సిన క్రియాశీల శక్తి తక్కువగా ఉండే పాలిమర్‌ను చూడాలి. ఫ్లోరిన్ చేర్చిన మెథాక్రిలేట్లు ఈ విషయంలో బాగా నెగ్గాయి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ గౌటర్‌మన్ బృందం 1990ల చివర్లో తెచ్చిన ఫిబ్ అనే పాలిమర్ అలాంటిదే: హెప్టాఫ్లోరోబ్యూటైల్ మెథాక్రిలేట్, హెక్సాఫ్లోరోఐసోప్రొపైల్ మెథాక్రిలేట్ రెండింటినీ ఒకే గొలుసులో కలిపిన సహపాలిమర్. ప్లాటినం టెట్రాకిస్ పెంటాఫ్లోరోఫినైల్ పోర్ఫిరిన్ డైతో కలిపితే దాని ఉష్ణోగ్రతా సున్నితత్వం డిగ్రీకి 1 శాతానికి బాగా లోపే ఉంటుంది. అంతకంటే ముఖ్యమైన గుణం ఇంకొకటి ఉంది: దాన్ని "ఐడియల్" పెయింట్ అంటారు. అంటే ఉష్ణోగ్రత ప్రభావం, పీడన ప్రభావం ఒకదానితో ఒకటి కలిసిపోకుండా విడివిడి గుణకాలుగా ఉంటాయి.

ఇది ఎలా సాధ్యం? సున్నితత్వం పారగమ్యత × జీవితకాలం అని పైన చూశాం. వేడితో పారగమ్యత పెరిగినంతా జీవితకాలం తగ్గితే, లబ్ధం మారదు. వెలుగు మొత్తంగా తగ్గుతుంది, పీడన వక్రం ఆకారం మాత్రం అలాగే ఉంటుంది. అప్పుడు గాలి ఆపిన వెంటనే, మోడల్ ఇంకా అదే ఉష్ణోగ్రతలో ఉండగా రిఫరెన్స్ ఫోటో తీస్తే, రెండు ఫోటోల నిష్పత్తిలో ఉష్ణోగ్రత కొట్టుకుపోతుంది. ఐడియల్ కాని పెయింట్‌లో అలా తీసినా కొంత మిగిలిపోతుంది. ఎందుకంటే వక్రం ఆకారమే ఉష్ణోగ్రతతో మారుతుంది.

గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రతను, అంటే గాజులా గట్టిగా ఉన్న పాలిమర్ మెత్తబడే ఉష్ణోగ్రతను, కూడా చూడండి. అది పాలీస్టైరీన్‌కు సుమారు 100 డిగ్రీల సెల్సియస్, సిలికోన్‌కు మైనస్ 120 కంటే కింద. పరీక్ష ఉష్ణోగ్రతలు ఆ గీతను దాటేలా ఉంటే ఆ పాలిమర్ వద్దు. గీతకు అటూ ఇటూ వ్యాపనం ఉష్ణోగ్రతతో మారే తీరే వేరు, ఒకే కాలిబ్రేషన్ (వెలుగుకూ పీడనానికీ ఉన్న సంబంధాన్ని తేల్చే కొలత) రెండు వైపులా సరిపోదు. క్రయోజెనిక్, అంటే అతి చల్లటి, టన్నెళ్లలో మరో ఇబ్బంది: మామూలు పాలిమర్లలో ఆక్సిజన్ దాదాపు కదలకుండా నిలిచిపోతుంది. అందుకే అక్కడ పాలీట్రైమిథైల్‌సిలైల్‌ప్రొపైన్ గానీ, పాలిమర్ అసలే లేని ఆనోడైజ్డ్ అల్యూమినియం పూత గానీ వాడతారు.

ఐదో అడుగు: డైకీ పాలిమర్‌కీ పొత్తు కుదరాలి

పాలిమర్‌లో డై విడివిడి అణువులుగా కరగాలి. సరిగా కరగకపోతే గుంపులు కడుతుంది, గుంపులోని అణువులు ఒకదాని వెలుగును ఒకటి ఆర్పేసుకుంటాయి. విద్యుదావేశం ఉన్న రుథీనియం డై సిలికోన్‌లో ఇష్టంగా కరగదు. అందుకే దాన్ని ముందు సిలికా జెల్ పొడికి అంటించి, ఆ పొడిని సిలికోన్‌లో కలిపే పద్ధతి వచ్చింది. అది పనిచేస్తుంది, కానీ డై రెండు రకాల చోట్ల ఉండిపోతుంది: కొన్ని అణువులకు ఆక్సిజన్ సులువుగా అందుతుంది, కొన్నింటికి అందదు. అప్పుడు స్టెర్న్-వోల్మర్ గీత (పీడనానికి ఎదురుగా వెలుగు నిష్పత్తిని గీసినది) తిన్నగా ఉండక, పీడనం పెరిగేకొద్దీ కిందికి వంగుతుంది. వంగిన గీతతో కూడా పని చేయొచ్చు, రెండు చోట్లను లెక్కలోకి తీసుకునే సూత్రమో, రెండో ఘాతం బహుపదో వాడితే సరి. అయితే పీడనం ఎక్కువున్న చోట సున్నితత్వం తగ్గిందని మాత్రం గుర్తుంచుకోవాలి.

ఫ్లోరిన్ ఉన్న డైకి ఫ్లోరిన్ ఉన్న పాలిమర్ మంచి జోడీ. రెండూ ఆక్సీకరణను బాగా తట్టుకుంటాయి కాబట్టి పూత ఆయుష్షు కూడా పెరుగుతుంది.

ఇంకా వేగం కావాలంటే: పాలిమర్-సెరామిక్

కిలోహెర్ట్జ్ స్థాయి కదలికలు, అంటే బఫెటింగ్ (గాలి తాకిడికి వచ్చే అదురు), కేవిటీ అనునాదం (గుంటలో గాలి మోగడం), షాక్ వేవ్ ఊగిసలాట లాంటివి చూడాలంటే నిండుగా ఉండే పాలిమర్ పొర చాలదు. అప్పుడు టైటానియం డయాక్సైడ్ లాంటి పొడిని ఎక్కువ మోతాదులో వేసి, రేణువులు ఊడిపోకుండా పట్టుకునేంత పాలిమర్ మాత్రమే కలుపుతారు. రేణువుల మధ్య ఖాళీలు తెరిచి ఉంటాయి, ఆక్సిజన్ ఆ ఖాళీల్లో వాయువుగానే తిరుగుతుంది. డైని చివర్లో పైన చల్లితే అది ఉపరితలానికి దగ్గరగా ఉండి ఇంకా త్వరగా స్పందిస్తుంది.

ఇక్కడ పాలిమర్ పాళ్లే అసలు మీట. పాళ్లు పెంచితే పూత గట్టిపడి నునుపవుతుంది, కానీ రంధ్రాలు పూడి వేగం పడిపోతుంది. తగ్గిస్తే వేగం వస్తుంది, కానీ వేలితో రుద్దితే పొడి రాలుతుంది, ఉపరితలం గరుకెక్కి, దాన్ని ఆనుకుని ఉండే గాలి పొర (సరిహద్దు పొర) ప్రవాహాన్నే మార్చేసే ప్రమాదం ఉంటుంది. పాలిమర్ శాతాన్ని నాలుగైదు మెట్లలో మార్చి నమూనాలు చేసి, మీకు కావాల్సిన పౌనఃపున్యం అందుకునే వాటిలో అన్నిటికంటే ఎక్కువ పాలిమర్ ఉన్నదాన్ని ఎంచుకోండి. అవసరానికి మించిన వేగం కోసం పూత బలాన్ని వదులుకోవడంలో అర్థం లేదు.

ఈ వేగానికి హద్దు డైలోనే ఉంది. ప్లాటినం పోర్ఫిరిన్ జీవితకాలం ఆక్సిజన్ లేనప్పుడు సుమారు 60 మైక్రోసెకన్లు. క్వెంచింగ్ సంఖ్య 4 ఉంటే గాలిలో అది 12 మైక్రోసెకన్లవుతుంది. ఆ లెక్కన 13 కిలోహెర్ట్జ్ దాటాక బైండర్‌ను ఎంత తెరిచినా ఉపయోగం లేదు, జీవితకాలం తక్కువున్న డైకి మారాల్సిందే. రంధ్రాల పూతకు ఇంకో రెండు మూల్యాలున్నాయి. ఉష్ణోగ్రతా సున్నితత్వం తరచూ ఎక్కువగా ఉంటుంది, కాంతికి డై త్వరగా చెడుతుంది. టైటానియం డయాక్సైడ్ అతినీలలోహిత కాంతిలో ఉత్ప్రేరకంలా పనిచేయడం ఇందుకు ఒక కారణం. వీలైతే 400 నానోమీటర్ల పైన ఉన్న కాంతితో వెలిగించండి.

ఆరో అడుగు: నమూనా పలకలు

ఎంపికలు రెండు మూడుకు తగ్గాక మోడల్ మీదకు దూకొద్దు. చిన్న అల్యూమినియం పలకలు తీసుకోండి, మోడల్‌కు వాడే బేస్‌కోట్‌నే వాటికీ వేయండి.

డైని పాలిమర్ బరువులో 0.1 నుంచి 1 శాతం మధ్య మూడు నాలుగు గాఢతల్లో కలిపి చూడండి. గాఢత పెంచుతున్నా వెలుగు పెరగడం ఆగిన చోట గుంపులు కట్టడం మొదలైందని అర్థం, దానికి కాస్త కింద ఆగాలి. ద్రావణి పాలిమర్‌నూ డైనీ రెండింటినీ కరిగించాలి: ఫిబ్‌కు ట్రైఫ్లోరోటొల్యూయీన్, పాలీట్రైమిథైల్‌సిలైల్‌ప్రొపైన్‌కు టొల్యూయీన్ బాగుంటాయి. మరీ త్వరగా ఆవిరయ్యే ద్రావణి వాడితే బిందువులు దారిలోనే ఎండి, పూత గరుకుగా, పొడిపొడిగా పడుతుంది. మరీ నెమ్మదిదైతే పూత జారి బేస్‌కోట్‌లోకి ఇంకుతుంది. స్ప్రే చేసేటప్పుడు గాలి లాగేసే బూత్, ఆర్గానిక్ ఆవిరికి సరిపోయే మాస్క్, చేతి తొడుగులు తప్పనిసరి.

ఒక్కసారే మందంగా కాకుండా పల్చటి పొరలుగా, ప్రతి పొరనూ అడ్డదిశలో వేయండి. సిలికోన్ వాడే స్ప్రేగన్‌ను మిగతా పాలిమర్లకు వాడకండి. కొద్దిపాటి సిలికోన్ మిగిలినా తర్వాతి పూత గుండ్రటి గుంటలుగా విడిపోతుంది.

ఆరబెట్టడం దగ్గర ఓపిక పట్టండి. పాలిమర్‌లో మిగిలిపోయిన ద్రావణి దాన్ని మెత్తబరుస్తుంది, ఆక్సిజన్ వ్యాపనాన్ని పెంచుతుంది, రోజులు గడిచేకొద్దీ ఆవిరవుతూ కాలిబ్రేషన్‌ను జరుపుతూ పోతుంది. ఫిబ్ లాంటి గాజు స్వభావపు పాలిమర్లను గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రతకు కాస్త పైన కొన్ని గంటలు ఉంచి నెమ్మదిగా చల్లార్చండి. మోడల్ మీద ఉన్న ఇతర సెన్సర్లు, జిగురులు ఆ వేడికి తట్టుకుంటాయో లేదో ముందే చూసుకోవాలి.

ఏడో అడుగు: కాలిబ్రేషన్, దాన్ని చదవడం

కిటికీ ఉన్న పీడన గదిలో, పెల్టియర్ పలక (కరెంటుతో వేడి, చల్లదనం సర్దే పలక) మీద నమూనాను పెట్టండి. దీపం స్థిరపడే దాకా ఆగి, ప్రతి కొలత నుంచీ దీపం ఆర్పి తీసిన చీకటి ఫోటో విలువను తీసేయండి. పరీక్షలో వచ్చే పీడనాలను రెండు వైపులా దాటేలా, కనీసం మూడు ఉష్ణోగ్రతల్లో కొలవండి. రిఫరెన్స్ వెలుగును కొలిచిన వెలుగుతో భాగించి, పీడన నిష్పత్తికి ఎదురుగా గీస్తే వచ్చే సరళరేఖలో రెండు అంకెలుంటాయి: అంతరఖండం, వాలు. రిఫరెన్స్ స్థితిలో వాటి మొత్తం 1. క్వెంచింగ్ సంఖ్య 2 అంటే వాలు 0.67, క్వెంచింగ్ సంఖ్య 4 అంటే వాలు 0.8.

అదే డేటాను రెండు రకాలుగా గీయండి. మొదట అన్ని ఉష్ణోగ్రతలకూ ఒకే రిఫరెన్స్ వాడండి: గీతల మధ్య దూరం మొత్తం ఉష్ణోగ్రతా సున్నితత్వాన్ని చూపిస్తుంది. తర్వాత ప్రతి ఉష్ణోగ్రతకూ అదే ఉష్ణోగ్రతలోని రిఫరెన్స్ వాడండి: ఇప్పుడు గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పడితే పెయింట్ ఐడియల్. పడకపోతే ఎంత విడిపోయాయో అంతే, గాలి ఆపాక తీసిన రిఫరెన్స్‌తో కూడా పోని తప్పు. నా దృష్టిలో బైండర్‌ను అంచనా వేయడానికి దీన్ని మించిన బొమ్మ లేదు.

పీడనాన్ని పెంచుతూ ఒకసారి, తగ్గిస్తూ ఒకసారి కొలవండి. రెండు దారులూ కలవకపోతే, పూత స్పందించేలోపే మీరు తర్వాతి పీడనానికి వెళ్లిపోతున్నారు, లేదా కాంతికి డై చెడిపోతోంది. ఏదో తేల్చుకోవాలంటే పీడనం, ఉష్ణోగ్రత కదపకుండా దీపం వెలిగించి ఉంచి, పరీక్ష ఎంతసేపు సాగుతుందో అంతసేపు వెలుగు తగ్గుదలను రాసుకోండి. ఆ తగ్గుదలను పీడనంగా మార్చి, మొదటి అడుగులో రాసుకున్న అతి చిన్న పీడన మార్పుతో పోల్చండి.

వేగాన్ని లెక్కతో సరిపెట్టకుండా కొలవండి. మిల్లీసెకన్ల స్థాయికి సొలినాయిడ్ వాల్వ్‌తో హఠాత్తుగా పీడనం మారిస్తే చాలు. అంతకంటే వేగమైన పూతలకు షాక్ ట్యూబ్ గానీ, స్పీకర్‌తో నిలకడ తరంగాలు పుట్టించే గొట్టం గానీ కావాలి. పక్కనే వేగంగా స్పందించే ప్రెషర్ ట్రాన్స్‌డ్యూసర్ ఉంచి, పౌనఃపున్యం పెరిగేకొద్దీ రెండింటి సిగ్నల్‌కూ తేడా ఎలా పెరుగుతోందో చూడండి.

ఏ పనికి ఏది

నిలకడ ప్రవాహం, ధ్వని వేగానికి దగ్గరి పరీక్షలు, లేదా నెమ్మది గాలి పరీక్షలకు ఫ్లోరో మెథాక్రిలేట్ కుటుంబంతో మొదలుపెట్టమంటాను. ఫిబ్ దొరక్కపోతే ఐసోబ్యూటైల్ మెథాక్రిలేట్, ట్రైఫ్లోరోఇథైల్ మెథాక్రిలేట్‌ల సహపాలిమర్ కూడా ఈ పనికి వాడుకలో ఉన్నదే. గాలి ఆపాక రిఫరెన్స్ తీసే అవకాశం ఉందా లేదా అన్నది ఇక్కడ పెద్ద ప్రశ్న. ఉంటే ఐడియల్ స్వభావం మీకు చాలా మేలు చేస్తుంది. లేకపోతే ఉష్ణోగ్రతను ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతోనో, ఉష్ణోగ్రతకు స్పందించే రెండో డైతోనో విడిగా కొలవాలి.

సిలికోన్ చవక, సులువు, గది ఉష్ణోగ్రతలోనే గట్టిపడుతుంది. పదుల హెర్ట్జ్‌ల దాకా, పల్చగా వేస్తే అంతకు పైన కూడా పనికొస్తుంది. మెత్తగా ఉండడం వల్ల దుమ్ము అంటుకుంటుంది, గోటి గీతకే చిరుగుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు దీన్నే సూచిస్తాను, ఎందుకంటే పూత పాడైనా మళ్లీ వేయడం తేలిక.

పాలీట్రైమిథైల్‌సిలైల్‌ప్రొపైన్‌ను తక్కువ పీడనాలకు, క్రయోజెనిక్ పనికి అట్టే పెట్టుకోండి. దాని గొలుసుల మధ్య ఉన్న పెద్ద ఖాళీలు కాలం గడిచేకొద్దీ కుదించుకుపోతాయి, పారగమ్యత తగ్గుతుంది. వాక్యూమ్ పంప్ నూనె ఆవిరి కూడా ఆ ఖాళీల్లో చేరి కూర్చుంటుంది. కాబట్టి పంపుకూ గదికీ మధ్య ట్రాప్ పెట్టండి, పూత వేసినప్పటి కాలిబ్రేషన్‌ను వారాల తర్వాత నమ్మకండి.

పాలీమిథైల్ మెథాక్రిలేట్ గాలి పరీక్షలకు దాదాపు పనికిరాదు. అయితే ఆక్సిజన్ సరిగా చేరనివ్వని ఆ గుణమే ఉష్ణోగ్రతను మాత్రమే చూపే పెయింట్‌కు కావాల్సింది, అక్కడ దాన్ని వాడొచ్చు.

మోడల్ మీద వేసే రోజు

మోడల్‌తో పాటు అదే గన్‌తో, అదే బ్యాచ్ ద్రావణంతో కనీసం రెండు పలకలకు పూత వేసి, మోడల్‌తోనే ఆరబెట్టండి. ఒకటి పరీక్షకు ముందు కాలిబ్రేషన్‌కు, రెండోది పరీక్ష అంతా టన్నెల్ వెలుతురులో మోడల్ పక్కనే ఉంచి, అయ్యాక కాలిబ్రేషన్‌కు. రెండు వాలులూ కలవకపోతే ఆ తేడాను మీ పీడన అనిశ్చితిలో కలపండి. మోడల్ మీద కొన్ని ప్రెషర్ ట్యాప్‌లు (పీడనం కొలిచే చిన్న రంధ్రాలు) ఉంటే వాటి చుట్టూ పూత రంధ్రాన్ని మూయకుండా చూసుకుని, ఆ విలువలతో కాలిబ్రేషన్‌ను చివరిగా సరిచేయండి. బ్యాచ్ వివరాలు, పాలిమర్ బరువు, డై గాఢత, ద్రావణి, పొరల సంఖ్య, ఆరబెట్టిన ఉష్ణోగ్రత, సమయం, కొలిచిన మందం అన్నీ పరీక్ష డేటా ఫైల్‌లోనే రాసిపెట్టండి. వచ్చేసారి పూత వేరేలా ప్రవర్తిస్తే వీటిలో ఏది మారిందో వెంటనే వెతుక్కోగలుగుతారు.